చెమట పట్టనివ్వని నడక

శ్రోతలకు నమస్కారం.

ధ్రువ ప్రాంతాల్లో వారాల తరబడి కాలినడకన వెళ్లేవాళ్లకు దేనితో ఎక్కువ ప్రమాదం అని అడిగితే ఎవరైనా చలితో అనే అంటారు. చలికి వాళ్లు సిద్ధపడే వెళ్తారు. రోజూ టెన్షన్ పెట్టేది చెమట. తిండి, గుడారం, స్టవ్, ఇంధనం అన్నీ వేసిన స్లెడ్జిని, అంటే మంచు మీద జారే బండిని, నడుముకు కట్టుకుని లాగుతుంటే ఒళ్లు వేడెక్కుతుంది, చెమట పడుతుంది. నడుస్తున్నంతసేపూ బాగానే ఉంటుంది. ఆగగానే ఆ తడి బట్టల్లోనే గడ్డకట్టి, ఒంట్లో వేడినంతా లాగేస్తుంది. అందుకే అనుభవం ఉన్నవాళ్లు కాస్త చలి వేసేలాగే బట్టలు వేసుకుని బయలుదేరతారు. వేగంగా నడిచే ఓపిక ఉన్నా నడవరు. మధ్యమధ్య ఆగి, పైన దళసరి కోటు తగిలించుకుని, ఆకలి ఉన్నా లేకపోయినా నాలుగు ముద్దలు తిని, మళ్లీ కదులుతారు.

ధ్రువం దగ్గర జెండా పట్టుకున్న ఫొటోలో ఇదేమీ కనిపించదు. అంటార్కిటికాలో చాలామంది బయలుదేరే హెర్క్యులిస్ ఇన్‌లెట్ నుంచి దక్షిణ ధ్రువానికి సుమారు 1,100 కిలోమీటర్లు. ధ్రువం సముద్రమట్టానికి 2,800 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి మొత్తం మీద ఎక్కుతూ పోవడమే. నార్వేకు చెందిన లివ్ ఆర్నెసన్ 1994లో స్కీలు కట్టుకుని ఒంటరిగా 50 రోజుల్లో అక్కడికి చేరారు. ఆ కాలంలో అక్కడ సూర్యుడు అస్తమించడు. చీకటి పడింది, ఇక చాలు అనుకునే వీలుండదు. గడియారం చూసి, ఇంకా శక్తి మిగిలి ఉండగానే, ఈ రోజుకి ఇంతే అని తమకు తామే చెప్పుకోవాలి. నాకైతే ఆ మొత్తం ప్రయాణంలో అదే కష్టమైన పని అనిపిస్తుంది. ఆర్కిటిక్‌లో ఇంకో చిక్కు. అక్కడ కాళ్ల కింద ఉన్నది సముద్రం మీద తేలే మంచు. రాత్రి పడుకుని లేచేసరికి అది వెనక్కి జరిగిపోయి, నిన్న చెమటోడ్చి నడిచిన దూరంలో కొంత పోయి ఉండొచ్చు. ఎవరి మీద కోప్పడతాం?

కోపం అన్నాను కాబట్టి 1911 నాటి ఒక ప్రయాణం గురించి చెప్పాలి. బ్రిటిష్ అన్వేషకుడు రాబర్ట్ స్కాట్ బృందంలోని ముగ్గురు, విల్సన్, బవర్స్, చెర్రీ-గారార్డ్, ఆ ఏడాది జూన్ చివర్లో అంటార్కిటికాలోని తమ స్థావరం కేప్ ఎవాన్స్ నుంచి కేప్ క్రోజియర్‌కు బయలుదేరారు. ఎంపరర్ పెంగ్విన్ గుడ్లు తేవడం వాళ్ల పని. ఆ పక్షులు నడిశీతాకాలంలోనే గుడ్లు పెడతాయి కాబట్టి ప్రయాణమంతా చీకట్లోనే. ఒక దశలో చలి మైనస్ 60 డిగ్రీలకు దిగింది. రెండు స్లెడ్జిలనూ ఒకేసారి లాగలేక, ఒకదాన్ని కొంత దూరం చేర్చి, వెనక్కి వచ్చి రెండోదాన్ని తెచ్చేవారు. అంటే ఒక మైలు ముందుకు పోవడానికి మూడు మైళ్ల నడక. ఒక ఉదయం చెర్రీ-గారార్డ్ గుడారంలోంచి బయటికొచ్చి తల ఎత్తి చుట్టూ చూశాడు. అంతే, బట్టలు అలాగే బిగుసుకుపోయాయి. మళ్లీ తల దించలేక, కొన్ని గంటలు ఆ భంగిమలోనే స్లెడ్జి లాగాడు. స్లీపింగ్ బ్యాగులు రేకుల్లా గట్టిపడితే, వాటిలో దూరడానికే చాలాసేపు పట్టేది. తర్వాత తుపాను వచ్చి గుడారాన్ని ఎత్తుకుపోయింది. గుడారం లేకపోతే చావే. అదృష్టం బాగుండి ఆ చీకట్లోనే అది మళ్లీ దొరికింది.

ఐదు వారాల తర్వాత ముగ్గురూ ప్రాణాలతో తిరిగొచ్చారు, మూడు గుడ్లతో. అంత నరకంలోనూ తాము ఒకరినొకరు కసురుకోలేదని, ఏదైనా అడిగేటప్పుడు మర్యాదగా అడగడం, చేసినందుకు థాంక్స్ చెప్పడం మానలేదని చెర్రీ-గారార్డ్ తర్వాత రాశాడు. ఆయన రాసినవాటిలో నన్ను బాగా పట్టుకున్నది ఈ ముక్క. వేళ్లు పనిచేయనప్పుడు పక్కవాడు ముడి విప్పి పెడితే థాంక్స్ అనడానికి ఖర్చయ్యేది ఒక్క ఊపిరి. ఇంట్లో వెచ్చగా కూర్చుని కూడా మనం దాన్ని ఎంత పొదుపుగా వాడతామో!

ఇక వెనక్కి తిరగడం సంగతి. 1909 జనవరి 9న ధ్రువ అన్వేషకుడు ఎర్నెస్ట్ షాకిల్టన్, మరో ముగ్గురూ దక్షిణ ధ్రువానికి సుమారు 180 కిలోమీటర్ల దూరంలో ఉన్నారు. అప్పటికి అంత దక్షిణానికి వెళ్లిన మనిషి లేడు. ముందుకు పోతే ధ్రువం చేరేవారేమో, తిరిగి రావడానికి తిండి చాలదు. అక్కడే ఆగి వెనక్కి తిరిగారు. నలుగురూ బతికారు. చచ్చిన సింహం కన్నా బతికున్న గాడిదే నీకు నయమనుకున్నానని భార్యతో అన్నాడట.

ఆ షాకిల్టన్‌ను ఆరాధించిన బ్రిటిష్ మాజీ సైనికాధికారి హెన్రీ వర్స్‌లీ, ఒంటరిగా, బయటి సాయం లేకుండా అంటార్కిటికాను దాటాలని బయలుదేరారు. 70 రోజులకు పైగా నడిచి, గమ్యానికి ఇంకా 50 కిలోమీటర్లు కూడా లేదనగా, ఇక కదల్లేక 2016 జనవరిలో సాయం కోసం కబురు చేశారు. విమానంలో చిలీకి చేర్చినా, ఆసుపత్రిలో కన్నుమూశారు. పొత్తికడుపులో ఇన్ఫెక్షన్ ముదిరిపోయింది. దగ్గర్లోకి వచ్చి ఆగలేకపోయాడని ఇంట్లో కూర్చుని అనేయడం తేలిక. రెండు నెలలుగా ఒళ్లంతా రోజూ నొప్పే అయినప్పుడు, ఏ నొప్పి మామూలుదో, ఏది ఆగమని చెబుతోందో ఎలా తెలుస్తుంది?

ఇప్పుడు అంటార్కిటికాలో నడిచేవాళ్లు రోజుకోసారి శాటిలైట్ ఫోన్లో బేస్‌కు మాట్లాడతారు. ఎక్కడున్నారో, ఒంట్లో ఎలా ఉందో చెప్పాలి. బాగానే ఉన్నాను అని రోజూ అనేవాళ్ల గొంతులో తేడాను అవతలివాళ్లు పట్టుకోగలరు, నడిచేవాళ్లకు తమ గొంతు తమకు వినిపించకపోయినా. ఒంటరి యాత్ర అని పేరే గానీ, ఆ ఫోన్ అవతల ఒకరు ఉండాల్సిందే.

సెలవు. నమస్కారం.