అమ్మానాన్నల పేరిట మారథాన్: ముందు విరాళాల దారి, తర్వాత పరుగు

[తెర: తెల్లవారుజాము, నెక్లెస్ రోడ్డు, పీపుల్స్ ప్లాజా]

వ్యాఖ్యానం: అమ్మ జ్ఞాపకార్థమో, నాన్న పేరు మీదో 42.195 కిలోమీటర్లు పరుగెత్తి, మంచి పని చేసే సంస్థకు డబ్బు పోగుచేయాలనుకుంటున్నారా? హైదరాబాద్ మారథాన్ మామూలుగా ఆగస్టులో జరుగుతుంది. సాధన ఏప్రిల్‌లో మొదలవ్వాలి. విరాళాల ఏర్పాటు అంతకంటే ముందే చూసుకోండి. చాలామంది దాన్నే చివరికి వదిలేసి చిక్కుల్లో పడతారు.

[తెర: ఫోన్‌లో క్యూఆర్ కోడ్, దాని మీద ఎర్ర గీత]

మీ సొంత యూపీఐ నంబరు ఎవరికీ ఇవ్వొద్దు. డబ్బు మీ ఖాతాలో పడి, అక్కణ్నుంచి మీరు కడితే పన్ను మినహాయింపు రసీదు మీ పేరునే వస్తుంది, ఇచ్చినవాళ్లకు రాదు. పైగా బంధువులు కానివాళ్ల నుంచి ఏడాదిలో 50,000 రూపాయలు దాటి వస్తే అది మీ ఆదాయంగా లెక్కకొచ్చే ప్రమాదం ఉంది. అందుకే నేరుగా సంస్థ ఖాతాకే వెళ్లే లింకు అడగండి. నగదుగా 2,000 దాటి ఇస్తే మినహాయింపు ఉండదు. కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకూ ఉండదు. ఈ సంగతి ముందే చెప్పండి.

అమెరికాలో బాబాయో, పెద్దమ్మ కొడుకో మన ఇళ్లలో ఎవరో ఒకరు ఉంటారు. భారత పాస్‌పోర్టే ఉంటే బ్యాంకు ద్వారా పంపొచ్చు. అక్కడి పౌరసత్వం తీసుకుని ఉంటే మాత్రం అది విదేశీ విరాళం. సంస్థకు ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) కింద అనుమతి ఉండాలి, డబ్బు ఢిల్లీ ఎస్‌బీఐ ప్రధాన శాఖలోని దాని ప్రత్యేక ఖాతాకే చేరాలి. 'నాకు పంపు, నేను కడతాను' అనే దారి అసలు తొక్కొద్దు.

[తెర: వాట్సాప్ సందేశం]

"మా అమ్మ జ్ఞాపకార్థం ఆగస్టులో 42.2 కిలోమీటర్లు పరుగెత్తుతున్నాను. కిలోమీటరుకు 10 రూపాయల చొప్పున 422. సంస్థ లింకు ఇది. నేను పూర్తి చేయలేకపోయినా మీ డబ్బు వాళ్లకే చెందుతుంది."

ఇంతే చాలు. గ్రూపుల్లో పడేస్తే అందరూ దండం బొమ్మ పెట్టి ఊరుకుంటారు. విడివిడిగా, పేరు పెట్టి పంపండి.

[తెర: కేబీఆర్ పార్కు చుట్టూ రోడ్డు]

ఇక ఒంటి సంగతి. నాన్నకు 55 ఏళ్లలోపు, అమ్మకు 65 లోపు గుండెజబ్బు వచ్చి ఉంటే ముందు డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఈ వీడియో చూసేవాళ్లలో ఈ మాట ఎవరికో ఒకరికి తప్పకుండా వర్తిస్తుంది.

ఆగకుండా 10 కిలోమీటర్లు పరుగెత్తగలిగాకే 18 వారాల సాధన మొదలుపెట్టండి. వారానికి నాలుగు రోజులు చాలు. ఆదివారం లాంగ్ రన్, అంటే వారంలో అన్నిటికంటే పొడవైన పరుగు, 12తో మొదలుపెట్టి రెండేసి కిలోమీటర్లు పెంచండి, ప్రతి నాలుగో వారం తగ్గించండి. అసలు పరుగుకు మూడు వారాల ముందు 30-32 చేస్తే అదే ఆఖరి పెద్ద పరుగు. లాంగ్ రన్‌లో పక్కవాళ్లతో మాట్లాడగలిగేంత నెమ్మదిగా వెళ్లాలి. ఎండాకాలంలో 5 గంటలకల్లా రోడ్డు మీద ఉండాలి.

నెక్లెస్ రోడ్డు చదును మీదే సాధన చేస్తే దెబ్బతింటారు. మన ఊళ్లో ఫ్లైఓవర్లు, జూబ్లీహిల్స్ ఎత్తుపల్లాలు తొడలను పీల్చేస్తాయి. ఎక్కేటప్పటికంటే దిగేటప్పుడే కండరాలు ఎక్కువ దెబ్బతింటాయి. వారానికొకసారి కేబీఆర్ చుట్టూ ఎక్కిదిగండి.

[తెర: టీషర్టు, ముందు ఫొటో ముద్ర]

అమ్మ ఫొటో వేయించే టీషర్టు కాటన్‌ది వద్దు. చెమటకు తడిసి బరువెక్కుతుంది, ఛాతీ దగ్గర ఒరుసుకుని రక్తం వస్తుంది. ప్లాస్టిక్ పొరలా అంటించే ముద్ర అయితే దాని కింద గాలాడదు. పాలిస్టర్ బట్టలోకే రంగు ఇంకిపోయే ముద్ర వేయించండి. చంకల్లో, తొడల మధ్య వాసలీన్ రాసుకుని, కనీసం ఒక లాంగ్ రన్ ఆ టీషర్టుతోనే చేయండి.

ఆబ్దికం తిథిని బట్టి వస్తుంది కాబట్టి పంచాంగం ముందే చూడండి. పరుగుకు రెండు మూడు రోజుల ముందు పడితే, ఉపవాసంతో కండరాల్లో పిండిపదార్థం నిల్వ తగ్గుతుంది. ఆ మర్నాటి నుంచి అన్నం ఎక్కువ తినండి.

ఆ నిల్వ సుమారు 30 కిలోమీటర్ల దగ్గర అడుగంటుతుంది. గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం పడాలి. ఓ మాదిరి అరటిపండులో 25 గ్రాముల దాకా ఉంటుంది. ఓఆర్ఎస్ లీటరు ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్లలోనే కలపాలి. వట్టి నీళ్లు అతిగా తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది, అది ప్రాణం మీదికి తెస్తుంది. నొప్పి మాత్ర వేసుకుని పరుగెత్తొద్దు, కిడ్నీలకు ముప్పు.

[తెర: ప్రారంభ రేఖ]

ఆ రోజు గుండె నిండా ఉన్నదంతా కాళ్లలోకి దిగి, మొదటి 5 కిలోమీటర్లు అతివేగంగా పోతాయి. కిలోమీటరుకు 15-20 సెకన్లు ఎక్కువ పట్టేలా కావాలనే వేగం తగ్గించండి. దారిలో ఏడుపొస్తే ఊపిరి తప్పుతుంది. పక్కకు వచ్చి రెండు నిమిషాలు నడవండి, అందులో తప్పేమీ లేదు.

పరుగు అయిన వారంలోపు, సంస్థకు మొత్తం ఎంత చేరిందో, దాంతో ఏం చేస్తున్నారో విరాళమిచ్చిన ప్రతి ఒక్కరికీ రాయండి.