పక్కటెముకలో సన్న బీట

అందరికీ నమస్కారమండీ. ఇవాళ బేస్‌బాల్ కబుర్లు చెబుదామని వచ్చాను, రేడియో అప్పుడే కట్టేయకండి, ఆ ఆట మనకెందుకులే అని నేనూ చాలా ఏళ్ళు అనుకున్నవాణ్ణే. న్యూజెర్సీలో ఎడిసన్ అని ఒక ఊరుంది, కిరాణా కొట్టుకెళ్తే తెలుగు వినపడకుండా బయటికి రాలేం, అక్కడ మా మేనత్త కొడుకు, అంటే మా బావ, ఇరవై ఏళ్ళుగా ఉంటున్నాడు. ఆయనకి న్యూయార్క్ యాంకీస్ అంటే పిచ్చి. 2020 మార్చి మొదటి వారంలో ఒక రాత్రి ఫోన్ చేసి, బాగున్నావా తిన్నావా ఏమీ లేదు, "మావాళ్ళ ఔట్‌ఫీల్డ్ మొత్తం మంచం ఎక్కిందిరా" అన్నాడు. ఏదో కరోనా అంటున్నారు కదా బావా మీ దగ్గర ఎలా ఉంది అంటే, "అది తర్వాత, ముందు ఇది విను" అని ముప్పావుగంట చెప్పాడు. ఆ ముప్పావుగంటలో నాకు ఆట అర్థమైంది, ఆటకంటే ఎక్కువగా ఒంటికి తగిలే దెబ్బల లెక్క అర్థమైంది, అదే ఇవాళ మీకు చెప్పాలని.

ముందు ఈ ఔట్‌ఫీల్డ్ సంగతి. మన క్రికెట్ గ్రౌండ్ గుండ్రంగా ఉంటుంది కదా, వాళ్ళది విసనకర్ర విప్పినట్టు ఉంటుంది. బ్యాట్ పట్టుకున్నవాడు విసనకర్ర పిడి దగ్గర నిలబడతాడు, బాల్ ఆ రెండు అంచుల మధ్యలోనే వెళ్ళాలి, అటూ ఇటూ పోతే ఫౌల్. ఫీల్డింగ్ జట్టులో 9 మంది, వాళ్ళలో పిచ్చర్ అంటే మన బౌలర్‌లాంటివాడు, క్యాచర్ అంటే కీపర్‌లాంటివాడు, పరుగుకి తొక్కాల్సిన బేసుల చుట్టూ ఇంకో నలుగురు పోగా మిగిలేది ముగ్గురే, లెఫ్ట్, సెంటర్, రైట్. విసనకర్ర రెక్కంతా ఈ ముగ్గురిదే. యాంకీ స్టేడియంలో రైట్ సైడు గోడ అంచు దగ్గర 314 అడుగులు, లెఫ్ట్ సైడు 318, నట్టనడుమ 408. మనవాళ్ళు చివరి ఓవర్లలో బౌండరీ మీద అయిదుగురిని పెట్టినా ఖాళీలు దొరుకుతాయి కదా, ఇక్కడ ముగ్గురితో రోజూ అదే పని. రోజూ అంటే నిజంగా దాదాపు రోజూనే, ఆరు నెలల్లో 162 మ్యాచ్‌లు.

ఇంకో తిరకాసు ఏంటంటే ముగ్గురూ ఒకేరకం మనుషులు కాదు. సెంటర్‌లో వాడికి పరుగు కావాలి, మూడు చోట్లలో ఎక్కువ నేల తిరిగేది వాడే. రైట్‌లో వాడికి చేయి కావాలి, ఎందుకంటే అక్కణ్ణించి మూడో బేస్‌కి విసరాలంటే చాలా దూరం. లెఫ్ట్‌లో వాడికి కాస్త వెసులుబాటు, అందుకే మామూలుగా చేయి బలం లేనివాణ్ణి అక్కడ సర్దుతారు. యాంకీ స్టేడియంలో మాత్రం లెఫ్ట్‌లో గోడ దూరం జరిగిపోతుంది, లెఫ్ట్, సెంటర్ కలిసేచోట 399 అడుగులు, అక్కడ నిద్రమొహం వాణ్ణి నిలబెడితే అంతే సంగతులు.

అలాంటి చోట ఆ ఏడాది యాంకీస్ లెక్క ప్రకారం ఉండాల్సినవాళ్ళు ఆరన్ జడ్జ్, జియాంకార్లో స్టాంటన్, ఆరన్ హిక్స్. జడ్జ్ అంటే 6 అడుగుల 7 అంగుళాల మనిషి, 2017లో తన మొదటి పూర్తి సీజన్‌లోనే 52 హోమ్‌రన్‌లు, అంటే మన సిక్సర్లలా బాల్ గోడ దాటించే షాట్లు, కొట్టాడు. స్టాంటన్ అదే ఏడాది మయామీకి ఆడుతూ 59 కొట్టాడు, అతని కాంట్రాక్టు 13 ఏళ్ళకి 325 మిలియన్ డాలర్లు. హిక్స్ సెంటర్‌లో ఆడేవాడు, వీళ్ళంత పేరు లేదు గానీ ఆ చోట అలాంటివాడు దొరకడం కష్టం.

ముందు పోయింది హిక్స్. 2019 అక్టోబర్ చివర్లో మోచేతికి ఆపరేషన్. దాన్ని టామీ జాన్ సర్జరీ అంటారు, అది డాక్టరు పేరు కాదు, పేషెంటు పేరు. 1974లో టామీ జాన్ అనే పిచ్చర్‌కి మోచేతి లోపల లిగమెంట్ తెగిపోతే ఫ్రాంక్ జోబ్ అనే డాక్టరు ఇంకోచోటి టెండన్ తీసి అక్కడ కుట్టాడు, అప్పట్నించీ ఆ పేరే ఉండిపోయింది. పాపం డాక్టరు! సరే, హిక్స్ సగం సీజన్ దాకా రాడని అందరికీ తెలుసు, దానికి సిద్ధపడే ఉన్నారు.

ఫిబ్రవరిలో జట్టంతా ఫ్లోరిడాలోని టాంపాకి చేరుతుంది, న్యూయార్క్‌లో ఇంకా చలి కదా, స్ప్రింగ్ ట్రైనింగ్ అక్కడే. మార్చి 26న బాల్టిమోర్‌లో మొదటి మ్యాచ్. ఫిబ్రవరి చివర్లో స్టాంటన్ ఫీల్డింగ్ ప్రాక్టీసులో ఉండగా పిక్క పట్టేసింది. గ్రేడ్ వన్ స్ట్రెయిన్, అంటే అన్నిట్లోకీ చిన్నదే, కానీ అతను 2019లో మొత్తం సీజన్‌కి ఆడిందే 18 మ్యాచ్‌లు, అందుకని పిక్క అనగానే అందరూ తలపట్టుకున్నారు. మా బావ అయితే ఆ మాట చెప్పేటప్పుడు "పిక్క, వట్టి పిక్క" అని రెండుసార్లు అన్నాడు, ఆ బాధేంటో నాకప్పుడు అర్థం కాలేదు.

ఇక జడ్జ్ సంగతి, అసలు కథ ఇక్కడుంది. ఫిబ్రవరిలో క్యాంపుకి వచ్చినప్పుడే కుడి భుజం దగ్గర నొప్పి అన్నాడు. భుజం చూశారు, ఏమీ లేదు. ఛాతీ కండరమేమో అన్నారు. స్కాన్ల మీద స్కాన్లు, బ్యాటింగ్ ఆపించారు, మళ్ళీ మొదలుపెట్టించారు, మళ్ళీ నొప్పి. చివరికి మార్చి 6న తేలింది, కుడివైపు మొదటి పక్కటెముకలో సన్న బీట. స్ట్రెస్ ఫ్రాక్చర్. ఇది ఎప్పుడైంది అని వెనక్కి వెళ్తే, 2019 సెప్టెంబర్ 18న ఒక క్యాచ్ కోసం డైవ్ కొట్టాడు, భుజం మీద పడ్డాడు, అప్పుడే అయి ఉంటుందని అనుకున్నారు. అంటే ఆ బీటతోనే సీజన్ ముగించాడు, దానితోనే అక్టోబర్ నాకౌట్లు ఆడాడు, దాదాపు ఆరు నెలలు ఒంట్లో పెట్టుకుని తిరిగాడు! దాంతోపాటు ఊపిరితిత్తి కూడా కాస్త ముడుచుకుపోయిందని తర్వాత బయటికొచ్చింది, అది మార్చిలోనే మానిపోయింది.

మొదటి పక్కటెముక ఎక్కడుంటుందో మీరే చూసుకోండి, మెడకి కింద, కాలర్ బోన్ చాటున. చేత్తో తడిమితే దొరకదు, నొప్పి మాత్రం భుజంలోనో ఛాతీలోనో తెలుస్తుంది, అందుకే ఎవరికీ అంతుచిక్కలేదు. చేయి విరిగితే కట్టు వేస్తారు, దీనికి వేయలేరు, ఊపిరి తీసిన ప్రతిసారీ కదులుతూనే ఉంటుంది కదా. మిగిలింది రెండే దారులు, కదలకుండా ఆగడం, లేదా ఆపరేషన్ చేసి ఆ ఎముకనే తీసేయడం. యాంకీస్ ఆగుదామన్నారు. ఎంతకాలం అంటే రెండు వారాలకోసారి స్కాన్ తీసి చూద్దాం అన్నారు. ఇది నాకు బాగా నచ్చిన జవాబు, డబ్బు మూటలున్న జట్టు కూడా ఎముక దగ్గర చేతులు కట్టుకుని నిలబడాల్సిందే.

డబ్బు అంటే గుర్తొచ్చింది, అప్పటికి మూడు నెలల ముందే గెరిట్ కోల్ అనే పిచ్చర్‌కి 9 ఏళ్ళకి 324 మిలియన్లిచ్చి తెచ్చుకున్నారు, ఈసారి కప్పు మాదే అని కూర్చున్నారు. పిచ్చర్లలో సెవెరీనో మోచేతికి కూడా అదే టామీ జాన్ ఆపరేషన్, పాక్స్‌టన్‌కి వెన్నులో ఆపరేషన్. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారు కదా, ఇక్కడ గోళ్ళన్నీ చుట్టే, రోకళ్ళూ బోలెడు.

మరి ఖాళీలు ఎలా నింపాలి? ఇక్కడ చాలామంది పొరపడేదేంటంటే, ముగ్గురు పోతే ముగ్గుర్ని తెస్తే సరిపోతుంది అనుకుంటారు. అలా కుదరదు. బ్రెట్ గార్డ్‌నర్ అని ఒక పాతకాపు ఉన్నాడు, 36 ఏళ్ళు, లెఫ్ట్‌లో ఆడేవాడు, 2019లో 28 హోమ్‌రన్‌లు కొట్టి అందర్నీ ఆశ్చర్యపరిచాడు. హిక్స్ లేడు కాబట్టి అతను సెంటర్‌కి జరగాలి. ఆయన జరిగితే లెఫ్ట్ ఖాళీ. అక్కడ స్టాంటన్‌ని పెడదామంటే పిక్క. పోనీ మైక్ టాక్‌మన్‌ని పెడితే రైట్‌లో ఎవరు? క్లింట్ ఫ్రేజర్ ఉన్నాడు, బ్యాట్ బాగుంది, కానీ 2019లో అతని ఫీల్డింగ్ చూసి అభిమానులే నోరు చేసుకున్నారు. పెళ్ళి భోజనాల్లో వడ్డించే కుర్రాడు రాలేదని వంటాయన వడ్డించడానికొస్తే లోపల పులుసు మాడినట్టు, ఒకడు కదిలితే మొత్తం కదులుతుంది. చివరికి మిగెల్ అందుహార్ అని మూడో బేస్ దగ్గర ఆడేవాడికి కూడా గ్లవ్ మార్చి ఆ క్యాంపులో లెఫ్ట్‌లో నిలబెట్టి అలవాటు చేశారు.

బయట నుంచి తెచ్చుకోవడానికి మార్చి చివరి వారం మంచి టైము, ఎందుకో చెప్తాను. ప్రతి క్లబ్బుకీ 40 మంది లిస్టు ఒకటి, అందులోంచి మ్యాచ్‌లాడే 26 మంది. లిస్టులో ఉన్న ఆటగాణ్ణి మామూలుగా మూడు సీజన్లు మాత్రమే కింది లీగులకి ఇష్టం వచ్చినట్టు పంపొచ్చు, ఆప్షన్లు అంటారు వాటిని. అవి అయిపోయాక కిందికి పంపాలంటే ముందు మిగతా జట్లకి చూపించాలి, ఎవరైనా కావాలంటే తీసేసుకుంటారు. అందుకని మార్చి చివర్లో ప్రతి జట్టు దగ్గరా ఒకరిద్దరు ఉంచుకోలేని, వదులుకోలేని ఆటగాళ్ళుంటారు, అవసరం ఉన్నవాడు గద్దలా చూస్తుంటాడు. టాక్‌మన్ కూడా మార్చి సరుకే, 2019 మార్చిలో కొలరాడో నుంచి ఒక కుర్ర పిచ్చర్‌ని ఇచ్చి తెచ్చుకున్నారు, అప్పుడు ఎవరూ పేపర్లో రెండో వాక్యం కూడా చదివి ఉండరు, ఆ ఏడాది 87 మ్యాచ్‌ల్లో 13 హోమ్‌రన్‌లు కొట్టాడు.

యాంకీస్‌కి ఈ కష్టం కొత్తా అంటే కాదు. 2013లో కర్టిస్ గ్రాండర్‌సన్ అని, ముందు రెండేళ్ళూ నలభై దాటి హోమ్‌రన్‌లు కొట్టినవాడు, ఫిబ్రవరి 24న ప్రాక్టీస్ మ్యాచ్‌ల్లో తన మొట్టమొదటి బ్యాటింగ్‌కి దిగితే బాల్ వచ్చి ముంజేతికి తగిలి ఎముక విరిగింది. మొదటి బ్యాటింగ్! మార్చి చివర్లో ఏంజెల్స్ అనే జట్టు నుంచి వర్నన్ వెల్స్‌ని తెచ్చి అతుకేశారు. గ్రాండర్‌సన్ మే నెలలో తిరిగొచ్చాడు, పది రోజులకే ఇంకో బాల్ చేతికి తగిలి చిటికెనవేలు దగ్గర విరిగింది. దీనికి ఏ ట్రైనరూ ఏమీ చేయలేడు.

2019 మాత్రం వేరు. ఆ ఏడాది 30 మంది ఆటగాళ్ళు ఇంజ్యూర్డ్ లిస్టుకెక్కారు, అప్పటికి లీగ్ చరిత్రలోనే రికార్డు, అయినా 103 మ్యాచ్‌లు గెలిచారు, అది ఇంకా విచిత్రం. సీజన్ అయ్యాక ఎరిక్ క్రెస్సీ అనే ట్రైనర్‌ని తెచ్చి ఆటగాళ్ళ ఆరోగ్యం మొత్తం ఆయన చేతిలో పెట్టారు. ఆయన వచ్చిన రెండు నెలలకే ఇదంతా. పాపం ఆయన తప్పేముంది, సెప్టెంబర్‌లో పడ్డ బీట ఆయన ఖాతాలోకొచ్చింది. ఔట్‌ఫీల్డర్ పని చూస్తే మీకే తెలుస్తుంది, పది నిమిషాలు ఊరికే నిలబడతాడు, ఒళ్ళు చల్లబడుతుంది, హఠాత్తుగా ముప్పై గజాలు ప్రాణం పెట్టి పరిగెత్తాలి, పిక్క, తొడ వెనక కండరం పట్టేయడానికి ఇంతకంటే ఏం కావాలి. పైగా గోడకి గుద్దుకోవడం, డైవ్‌లు, విసుర్లకి మోచెయ్యి. నాకైతే వీళ్ళు ఎందుకు దెబ్బతింటున్నారు అనేకంటే మిగతావాళ్ళు ఎలా బాగున్నారు అనేదే ఆశ్చర్యం.

సరే, మార్చి 12న క్యాంపులన్నీ ఆపేశారు. కరోనా. మా బావ తర్వాత పెట్టుకుందాం అన్న విషయం వారం తిరక్కుండానే ముందుకొచ్చింది. మార్చి 26 పోయింది, ఏప్రిల్ పోయింది, మే పోయింది. న్యూయార్క్ ఎలా ఉందో మీ అందరికీ గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో బావ ఫోన్ చేస్తే బేస్‌బాల్ ఊసే ఎత్తేవాడు కాదు, పక్కింటాయన గురించీ సరుకుల గురించీ చెప్పేవాడు. అదే సమయంలో టాంపాలో ఒక పక్కటెముక మెల్లగా అతుక్కుంటోంది. పిక్క బాగయింది. మోచెయ్యి బాగయింది. మార్చిలో ఎంత డబ్బు పోసినా దొరకని నాలుగు నెలలు ఊరికే వచ్చాయి, ఎలా వచ్చాయో తలుచుకుంటే సంతోషపడటానికి మొహం చెల్లదు.

జులై 23న వాషింగ్టన్‌లో ఖాళీ స్టేడియంలో మొదటి మ్యాచ్. కరోనా గురించి రోజూ టీవీలో చెప్పే డాక్టర్ ఫౌచీ లాంఛనంగా మొదటి బాల్ వేస్తే అది ఎటో పోయింది. సెంటర్‌లో హిక్స్, రైట్‌లో జడ్జ్, లెఫ్ట్‌లో గార్డ్‌నర్, స్టాంటన్‌ని బ్యాటింగ్‌కి మాత్రమే ఉంచారు, మొదటి ఇన్నింగ్స్‌లోనే వాషింగ్టన్ వాళ్ళ షెర్జర్ బౌలింగ్‌లో, అదే, పిచింగ్‌లో, పెద్ద హోమ్‌రన్ కొట్టాడు. వాన పడి ఆరో ఇన్నింగ్స్‌లో ఆపేశారు, యాంకీస్ 4-1తో గెలిచారు. తర్వాత జడ్జ్ వరసగా 5 మ్యాచ్‌ల్లో హోమ్‌రన్‌లు. మార్చిలో మంచం మీదున్న ముగ్గురూ మొదటి రోజు ఆడారు, మా బావ ఆ రాత్రి ఎంత సంతోషంగా మాట్లాడాడో!

ఆగస్టు రెండో వారంలో మళ్ళీ ఫోన్. ఎత్తగానే హలో కూడా లేదు, "పిక్క" అన్నాడు. స్టాంటన్‌కి మళ్ళీనా బావా అంటే, "కాదురా, వాడికి తొడ కండరం పోయింది, పిక్క ఈసారి జడ్జ్‌ది" అన్నాడు. 60 మ్యాచ్‌ల ఆ చిన్న సీజన్‌లో జడ్జ్ 28, స్టాంటన్ 23 ఆడారంతే. రైట్‌లో జడ్జ్ చోటుకి ఎవరొచ్చారంటే ఆ ఫ్రేజరే, మొహానికి మాస్క్ కట్టుకుని ఆడేవాడు, 2019లో బాల్ పట్టలేడని తిట్టించుకున్న కుర్రాడు ఆ ఏడాది రైట్ ఫీల్డ్‌లో మంచి ఫీల్డింగ్‌కిచ్చే గోల్డ్ గ్లవ్ అవార్డుకి చివరి ముగ్గురిలో ఒకడయ్యాడు. ఆ మాట చెప్తే బావ కాసేపు ఏమీ అనలేదు, "వాడి పిక్కలు ఎలా ఉన్నాయో కనుక్కోవాలి" అన్నాడు. ఉంటానండీ, నమస్కారం.