మూడు వరసలూ పోయిన రోజు

అందరికీ నమస్కారం. కర్నూలు ఎండలో, అన్నం తిన్న వేళ, డేటాబేస్ గురించి వినడానికి కూర్చున్నారంటే మీ ఓపికకు దండం. నేరుగా ఉల్లిగడ్డల దగ్గరికి పోదాం.

పని నేర్చుకునే రోజుల్లో ఒక ఉల్లి మండీ లెక్కలు నా చేతికొచ్చాయి. టేబుల్లో రైతు పేరు, ఊరు, తేదీ, బస్తాలు, ధర. ఒక్కో వరసను వేరుగా గుర్తుపట్టే నంబరు, అదే ఐడీ, అన్నదే లేదు. ఒకరోజు ఒకే రైతు రెండు విడతలుగా సరుకు దించాడు. రెండుసార్లూ 40 బస్తాలే, ధరా అదే. ఆపరేటర్ పొరపాటున మూడోసారి కూడా ఎక్కించాడు. ఒకటి తీసేద్దామని డిలీట్ కొట్టాను, మూడూ అచ్చం ఒకేలా ఉండటంతో మూడూ పోయాయి. సాయంత్రం ఆ రైతు రెండు తూకం చీటీలు పట్టుకొని ఎదురుగా నిలబడ్డాడు. ఒక్క వరసే తీయమని చెప్పే లిమిట్ 1 రాసుంటే బయటపడేవాణ్ణి, నిజమే. ఆ తెలివి అప్పుడు లేదు.

ఉన్న టేబుల్‌కు ఐడీ తగిలించడం మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో ఒక్క వాక్యం: ఆల్టర్ టేబుల్, యాడ్ కాలమ్ ఐడీ, బిగ్‌ఇంట్, నాట్ నల్, ఆటో ఇంక్రిమెంట్, ప్రైమరీ కీ. అంటే ఖాళీగా ఉండని, తనంతట తానే పెరిగే, ఏ రెండు వరసలకూ ఒకటి కాని పెద్ద నంబరు. పాత వరసలకు 1 నుంచి నంబర్లు అదే వేసుకుంటుంది. బిగ్‌ఇంట్ బదులు చిన్న నంబర్ల రకమైన ఉత్త ఇంట్ పెడితే 2147483647 దగ్గర ఆగిపోతుంది. మండీకి అదే ఎక్కువనుకోండి. పోస్ట్‌గ్రెస్ అనే మరో డేటాబేస్‌లో 10వ వెర్షన్ నుంచి ఇదే పని చేసే ఐడెంటిటీ కాలమ్ ఉంది. ఎస్‌క్యూలైట్ అనే ఇంకో డేటాబేస్ మాత్రం మొండిఘటం, ఆల్టర్‌తో ప్రైమరీ కీ కాలమ్ చేర్చనివ్వదు. కొత్త టేబుల్ కట్టి కాపీ చేసుకోవాల్సిందే.

ఇక్కడ చాలామంది బోల్తా పడతారు. పాత వరసలకు నంబర్లు తేదీల క్రమంలోనే పడతాయన్న హామీ లేదు. "మొదటి లోడుకు 1 రాలేదేందప్పా?" అని మా యజమాని నిలదీశాడు. ఆ క్రమమే కావాలంటే ఐడీ ఉన్న ఖాళీ టేబుల్ కట్టి, తేదీతో ఆర్డర్ బై పెట్టి, అంటే తేదీల క్రమంలో పేర్చి, పాత వరసలు అందులోకి పంపాలి. 57 తర్వాత 59 కనిపిస్తే దొంగలెక్క అనుకోవద్దు. 58ని ఎవరో తీసేసి ఉంటారు, లేదా ఆ ఎంట్రీ మధ్యలో ఆగిపోయి ఉంటుంది.

మైఎస్‌క్యూఎల్ ఐడీ చేర్చే పని చేస్తున్నంతసేపు ఆ టేబుల్లోకి కొత్త ఎంట్రీలు పోవు. ఆల్టర్ చేశాక రోల్‌బ్యాక్, అంటే చేసింది వెనక్కి తీసుకోవడం, కూడా లేదు. అందుకే బ్యాకప్ తీసుకొని, రాత్రి యార్డు మూశాక చేసి, హాయిగా పడుకున్నాను. పొద్దున్నే ఫోన్: "ఎంట్రీ పడటం లేదు సార్, లారీలు నిలబడ్డాయి." పాత ప్రోగ్రాంలో కొత్త వరస చేర్చే ఇన్సర్ట్ రాసినవాడు కాలమ్ పేర్లు రాయలేదు. ఐదు విలువలు పంపుతోంది, టేబుల్లో ఇప్పుడు ఆరు కాలమ్‌లు. ఆ ఐదు పేర్లు నేను చేర్చేదాకా మండీలో చీటీలు పెన్నుతోనే రాశారు.