క్రియాటినిన్ నార్మల్‌గానే ఉంది కదా డాక్టరుగారూ
(విశాఖపట్నంలో ఇచ్చిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఆదివారం సాయంత్రం బీచ్ రోడ్డు వదిలేసి రక్తపరీక్షల గురించి వినడానికి వచ్చారంటే ముందు మీ ఓపికకు దండం పెట్టాలి. నేను మైక్రోస్కోపు ముందు కూర్చుని రిపోర్టులు రాసే మనిషిని. పేషెంట్ల ముఖాలకన్నా వాళ్ల రక్తపు చుక్కలే నాకు ఎక్కువ పరిచయం. ముదిరిన కిడ్నీ క్యాన్సర్ గురించి మాట్లాడమన్నారు. ఆపరేషన్ల సంగతి సర్జన్లు చెప్పాలి. నేను రక్తం వైపు నుంచి చెబుతాను.

ముందు ఒక ముడి విప్పాలి. మన ఉత్తరాంధ్రలో కిడ్నీ జబ్బు అనగానే ఉద్దానం గుర్తొస్తుంది. కవిటి, సోంపేట, కంచిలి వైపు నుంచి డయాలసిస్ కోసం తిరిగే కుటుంబాలను చూడనివాళ్లు ఇక్కడ తక్కువ. ఆ జబ్బు వేరు. అందులో రెండు కిడ్నీలూ ఏళ్ల తరబడి చప్పుడు లేకుండా పాడవుతాయి, కిడ్నీ వడపోయాల్సిన క్రియాటినిన్ అనే వ్యర్థం రక్తంలో పెరుగుతూ పోతుంది. క్యాన్సర్ గడ్డ అలా కాదు. ఎక్కువగా ఒక కిడ్నీలోనే పుడుతుంది. రెండోది శుభ్రంగా పనిచేస్తూ ఇద్దరి పనీ లాగేస్తుంది. అందుకే క్రియాటినిన్ 0.9 అని నార్మల్‌గా ఉన్న మనిషి కడుపులో పది సెంటీమీటర్ల గడ్డ ఉండొచ్చు. ‘క్రియాటినిన్ నార్మల్‌గానే ఉంది కదా డాక్టరుగారూ, ఇంక కిడ్నీకేటి?’ అని అడుగుతారు. వడపోత ఎలా జరుగుతోందో చెప్పడం వరకే క్రియాటినిన్ పని. గడ్డ సంగతి దానికి తెలీదు.

మూత్రంలో రక్తం, నడుము పక్కన నొప్పి, చేతికి తగిలే గడ్డ అని మూడు లక్షణాలు పాత పుస్తకాల్లో ఉంటాయి. ఆ మూడూ కలిసి కనిపించేది ఇప్పుడు పదిమందిలో ఒకరికి కూడా కష్టమే. చాలామందికి గ్యాస్ నొప్పి అని చేయించుకున్న స్కానింగులో అనుకోకుండా బయటపడుతుంది. మరికొందరిలో ముందుగా తేడా చేసేది రక్తం. అది కూడా కిడ్నీ పరీక్షలని మనం పిలిచేవాటిలో కాదు, ఎవరూ కిడ్నీతో ముడిపెట్టని అంకెల్లో.

హిమోగ్లోబిన్‌తో మొదలుపెడదాం. కిడ్నీ వడపోత యంత్రం మాత్రమే కాదు. రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో కనిపెట్టి, తగ్గితే ఎరిత్రోపోయిటిన్ అనే హార్మోన్ వదులుతుంది. ‘ఎర్ర కణాలు ఇంకా తయారుచెయ్యి’ అని ఎముక మజ్జకు అందే కబురు అది. పెద్దవాళ్లలో ఆ హార్మోన్ దాదాపు తొంభై శాతం కిడ్నీలోనే తయారవుతుంది. ఉద్దానం పేషెంట్లు పాలిపోయి కనిపించడానికి ఒక పెద్ద కారణం ఇదే. కిడ్నీ ఎండిపోతే కబురు పంపేవాడే ఉండడు.

కణాలు ఆక్సిజన్‌ను కనిపెట్టే ఈ పద్ధతిని విప్పినందుకే 2019లో కేలిన్, రాట్‌క్లిఫ్, సెమెంజాలకు వైద్యంలో నోబెల్ ఇచ్చారు. కణంలో ఆక్సిజన్ తగ్గిందని హెచ్చరిక మోగించే హిఫ్ అనే ప్రోటీన్ ఉంటుంది. ఆక్సిజన్ చాలినంత ఉన్నంతసేపూ, వీహెచ్‌ఎల్ అనే మరో ప్రోటీన్ దాన్ని పట్టుకుని నాశనం చేయిస్తుంటుంది. కిడ్నీ క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించే క్లియర్ సెల్ రకంలో చాలావరకు ఈ వీహెచ్‌ఎల్ జన్యువే దెబ్బతిని ఉంటుంది. ఇంక హిఫ్‌ను ఆపేవాళ్లు లేరు. చుట్టూ ఆక్సిజన్ పుష్కలంగా ఉన్నా గడ్డలోని కణం ఊపిరాడనట్టు ప్రవర్తిస్తుంది. కొత్త రక్తనాళాలను పిలిపించుకుంటుంది. కొన్నిసార్లు ఎరిత్రోపోయిటిన్ కూడా కుమ్మరిస్తుంది. అప్పుడు హిమోగ్లోబిన్ 18, 19 అని వస్తుంది. ఇంట్లోవాళ్లు ‘ఒంట్లో రక్తం బాగా ఉంది’ అని సంతోషిస్తారు.

ఈ లెక్కన కిడ్నీ క్యాన్సర్ పేషెంట్లందరికీ రక్తం పొంగిపోవాలి కదా? నాకు ఈ సబ్జెక్టులో బాగా నచ్చిన ముడి ఇదే. హిమోగ్లోబిన్ పెరిగేది నూటికి ఏ నలుగురైదుగురిలోనో. రక్తహీనత అంతకు ఎన్నో రెట్లు ఎక్కువ, జబ్బు ముదిరేకొద్దీ మరీ ఎక్కువ. కారణం గడ్డ చుట్టూ రగిలే వాపు. అందులోంచి ఇంటర్‌ల్యూకిన్-6 అనే పదార్థం రక్తంలోకి వస్తుంది. దాని ప్రభావంతో కాలేయం హెప్సిడిన్ అనే హార్మోన్‌ను ఎక్కువగా తయారుచేస్తుంది. హెప్సిడిన్ చేసే పని ఒంట్లో ఉన్న ఐరన్‌కు తాళం వేయడం. గోడౌన్ నిండా బియ్యం బస్తాలున్నాయి, తాళంచెవి లేదు, రేషన్ షాపు ముందు మాత్రం ఖాళీ సంచులతో క్యూ. సరిగ్గా అలాంటి పరిస్థితి. ఐరన్ నిల్వను చూపే ఫెరిటిన్ పరీక్ష చేస్తే ఎక్కువ, రక్తంలో తిరిగే ఐరన్ తక్కువ. బీట్‌రూట్ రసం, ఖర్జూరాలు, నెలల తరబడి ఐరన్ మాత్రలు అన్నీ ఆ తాళం వేసిన గోడౌన్‌లోకే పోతాయి. పేగులో ఐరన్ లోపలికొచ్చే తలుపు కూడా హెప్సిడిన్ మూసేస్తుంది కాబట్టి, చాలావరకు అక్కడిదాకా కూడా పోవు.

గాజువాక వైపు నుంచి ఒక పెద్దాయన రక్తం నా దగ్గరికి వచ్చింది. అంతకుముందు ఆరు నెలలుగా ఐరన్ వాడుతున్నారు. హిమోగ్లోబిన్ 8.6. ఒంట్లో వాపును చూపే ఈఎస్‌ఆర్ వంద దాటింది. ప్లేట్‌లెట్లు ఆరు లక్షల నలభై వేలు. పాత రిపోర్టులన్నిటిలోనూ హిమోగ్లోబిన్ కింద ఎర్ర ఇంకు గీత ఉంది. ప్లేట్‌లెట్ల కింద ఒక్కదానిలోనూ లేదు.

ఎందుకుంటుంది? మన ఊళ్లో ప్లేట్‌లెట్లు అంటే డెంగ్యూ. వానాకాలం వచ్చిందంటే లక్ష కన్నా తగ్గాయా అని టెన్షన్, బొప్పాయి ఆకు రసం కోసం పరుగులు. నాలుగున్నర లక్షలు దాటితే ఎవరికీ పట్టదు. ఇందాక చెప్పిన ఇంటర్‌ల్యూకిన్-6 ప్లేట్‌లెట్ల తయారీని కూడా ఎగదోస్తుంది. అలాగని ఎక్కువైన ప్రతి ప్లేట్‌లెట్ లెక్కా క్యాన్సర్ కాదు. ఇన్ఫెక్షన్‌లో పెరుగుతాయి, మామూలు ఐరన్ లోపంలోనూ పెరుగుతాయి. కానీ ఐరన్ ఇచ్చినా రక్తం పట్టక, ప్లేట్‌లెట్లూ ఈఎస్‌ఆర్ దిగిరాకపోతే, కడుపు స్కానింగ్ చేయించాల్సిందే. ఆయనకు చేయించారు. ఎడమ కిడ్నీలో గడ్డ, ఊపిరితిత్తుల్లో మచ్చలు.

తెల్ల కణాలదీ ఇలాంటి గొడవే. కొన్ని గడ్డలు మజ్జను ఉసికొల్పే పదార్థాలు వదిలి న్యూట్రోఫిల్స్ అనే రకం తెల్ల కణాలను పెంచుతాయి. చాలా అరుదుగా లెక్క యాభై వేలు దాటి బ్లడ్ క్యాన్సరేమో అనిపిస్తుంది. అప్పుడు స్లైడు మీద ఎక్కువసేపు కూర్చుంటాం. పూర్తిగా ఎదిగిన కణాలే ఎక్కువ ఉండి, బేసోఫిల్స్ అనే మరో రకం పెరగకుండా, ఒక రకం బ్లడ్ క్యాన్సర్‌ను పట్టిచ్చే బీసీఆర్-ఏబీఎల్ జన్యు పరీక్ష నెగెటివ్ వస్తే, అసలు దొంగ ఇంకెక్కడో ఉన్నాడని అర్థం.

కాల్షియం గురించి మాత్రం కాస్త భయపెడతాను, ఏమనుకోకండి. ముదిరిన కిడ్నీ క్యాన్సర్‌లో కాల్షియం పెరగడం అరుదేమీ కాదు. రక్తంలో కాల్షియం పెంచే పారాథైరాయిడ్ హార్మోన్‌ను పోలిన పదార్థం గడ్డ తయారుచేయడం ఒక దారి, జబ్బు ఎముకల్లోకి పాకడం ఇంకో దారి. మనిషికి దాహం, మాటిమాటికీ మూత్రం, మలబద్ధకం, మగత. రెండు రోజులు పోయాక పొంతన లేని మాటలు. ‘వయసు మీద పడింది, చాదస్తం’ అంటారు ఇంట్లో. ఎముకల నొప్పి అంటున్నాడు కదాని కాల్షియం బిళ్లలు వేసేవాళ్లూ ఉన్నారు, దయచేసి ఆ పని చెయ్యకండి. సెలైన్ ఎక్కించి, జోలెడ్రోనిక్ యాసిడ్ లాంటి మందు ఇస్తే కొద్దిరోజుల్లో మనిషి మళ్లీ మనవాళ్లను పేరు పెట్టి పిలుస్తాడు. చూడకుండా వదిలేస్తే ప్రాణం మీదికి వస్తుంది. ఇంకొకటి: అల్బుమిన్ అనే రక్తంలోని ప్రోటీన్ తక్కువ ఉన్నవాళ్లలో కాల్షియం అంకె ఉన్నదానికన్నా తక్కువగా కనిపిస్తుంది. అల్బుమిన్ 4 నుంచి ఒక గ్రాము తగ్గితే కాల్షియానికి 0.8 కలుపుకుని చదవాలి. రిపోర్టులో 10.2 అని నార్మల్‌గా ఉండి, అల్బుమిన్ 2 ఉంటే అసలు లెక్క 11.8.

కాలేయం సంగతి రెండు ముక్కల్లో. జబ్బు అక్కడికి పాకకపోయినా కొందరిలో కాలేయ పరీక్షల్లో చూసే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ పెరుగుతుంది. 1961లో స్టాఫర్ అనే డాక్టరు రాశాడు కాబట్టి ఈ పరిస్థితికి ఆయన పేరే పెట్టారు. కిడ్నీ తీసేశాక చాలామందిలో మామూలుకు వచ్చేస్తుంది. కామెర్లు అరుదు. వచ్చినా పసరు మందుకు వెళ్లకండి.

ఇవన్నీ ల్యాబు వాళ్ల సరదా అనుకునేరు. పాకిన కిడ్నీ క్యాన్సర్ ఎలా నడుస్తుందో అంచనా వేయడానికి 2009 నుంచి డాక్టర్లు వాడుతున్న ఒక పట్టికలో ఆరు అంశాలున్నాయి. మనిషి తన పనులు తాను చేసుకోగలడా, జబ్బు బయటపడిన ఏడాదిలోపే మందు అవసరమైందా అన్నవి రెండు. మిగతా నాలుగూ తగ్గిన హిమోగ్లోబిన్, పెరిగిన కాల్షియం, పెరిగిన న్యూట్రోఫిల్స్, పెరిగిన ప్లేట్‌లెట్లు. ఒక్కటీ లేకపోతే మంచి వర్గం, ఒకటి రెండుంటే మధ్య, మూడు గానీ అంతకు మించి గానీ ఉంటే కష్టం. ఏ మందులతో మొదలుపెట్టాలన్న నిర్ణయంలో ఈ లెక్క ఉంటుంది. ఇంత పెద్ద నిర్ణయానికి కావలసిన ఆ నాలుగు అంకెలు వీధి చివరి ల్యాబులో దొరుకుతాయి.

మందులు మొదలయ్యాక రక్తం మళ్లీ వేషం మారుస్తుంది. సునిటినిబ్ అనే కిడ్నీ క్యాన్సర్ మందు వాడేవాళ్లలో ఎర్ర కణాల సైజు పెరుగుతుంది, బీ12 లోపం లేకపోయినా. థైరాయిడ్ కూడా తగ్గుతుంటుంది, మధ్యమధ్య చూసుకోవాలి. బెల్జుటిఫాన్ అని కొత్త మందు ఉంది, అమెరికాలో ముదిరిన కిడ్నీ క్యాన్సర్‌కు 2023లో అనుమతి వచ్చింది. అది నేరుగా హిఫ్‌నే పట్టుకుంటుంది. దాంతోపాటు ఎరిత్రోపోయిటిన్ కూడా పడిపోయి హిమోగ్లోబిన్ తగ్గుతుంది. అంటే ఆ మందు పనిచేసే తీరులోనే రక్తహీనత ఉంది. జబ్బు పెరిగిందని కంగారుపడి మందు మానేయకుండా డాక్టరుగారికి చూపించండి.

చీటీలు వచ్చాయి. ఒకటి చదువుతాను. ‘నాకు హిమోగ్లోబిన్ 18.2. ఇప్పుడు మీరు చెప్పింది విని భయమేస్తోంది. నాకు అదేనా?’ అయ్యా, ముందు నీళ్లు బాగా తాగి, రెండు వారాలాగి మళ్లీ పరీక్ష చేయించుకోండి. సిగరెట్ ఉంటే అదే కారణం కావచ్చు. రాత్రిపూట గురక పెట్టి, ఊపిరి ఆగి లేస్తుంటే అదీ కారణమే. ఇవేవీ కాక అంకె అలాగే ఉంటే, మజ్జలో తేడాను పట్టే జాక్-2 అనే జన్యు పరీక్ష, ఎరిత్రోపోయిటిన్ లెవెల్ చేయిస్తారు. మజ్జలోనే తేడా ఉంటే ఎరిత్రోపోయిటిన్ తక్కువగా ఉంటుంది. అది తగ్గకుండా ఉంటేనో, పెరిగి ఉంటేనో, ఆ కబురు ఎవరు పంపుతున్నారో వెతకాలి. ఆ వెతుకులాట కడుపు అల్ట్రాసౌండ్‌తో మొదలవుతుంది. పావుగంట పని. రెండో చీటీ ఇటివ్వండి.