ప్రియొరాట్: పలకరాతిలో పండిన ఎర్ర వైన్

సుధ: ఒరేయ్ వాసూ, ఇంత ముదురు రంగేంట్రా! గ్లాసు వెనక నా వేలు కూడా కనిపించట్లేదు.

వాసు: ప్రియొరాట్ అక్కా. స్పెయిన్‌లో కాటలోనియా కొండల్లోది. గార్నాచా, కారిన్యేనా అనే రెండు రకాల ద్రాక్ష కలిపి చేశారు. ముందు వాసన చూడు.

సుధ: చెర్రీ పళ్ళు... ఎండిన థైమ్ ఆకు కూడా. (గుక్క తాగి) అబ్బా, నేరేడు పండు తిన్నట్టు నాలుక పట్టేసింది! గొంతులో వేడి కూడా.

వాసు: ఆ వగరు ఎక్కువగా ద్రాక్ష తొక్కల్లోని టానిన్‌ది. వేడి ఆల్కహాల్‌ది, ఈ సీసా మీద 15 శాతం అని ఉంది. అక్కడ ఎండ ఎక్కువ, తీగకి కాపు తక్కువ. అందుకే పండులో తీపి బాగా పడుతుంది. ఆ తీపే పులిసి ఆల్కహాల్ అవుతుంది.

సుధ: కాపు ఎందుకు తక్కువ?

వాసు: నేల అలాంటిది. లికొరెల్లా అంటారు, పొరలుగా విడిపోయే నల్లటి పలకరాయి. పైన మట్టి కొంచెమే. నీళ్ళ కోసం వేర్లు రాతి చీలికల్లోకి దిగాలి. కొన్ని వాలుల మీదికి ట్రాక్టరు ఎక్కదు, కంచరగాడిదతో దున్నాల్సిందే.

సుధ: అలాంటి చోట ద్రాక్ష వేయాలని ఎవరికి తోచిందిరా?

వాసు: 12వ శతాబ్దంలో స్కాలా దేయి మఠం కట్టుకున్న కార్తూసియన్ అనే క్రైస్తవ సన్యాసులు ఈ సాగుని పెంచారు. 1835లో ప్రభుత్వం మఠాల ఆస్తులు లాగేసుకుంది. ఆ శతాబ్దం చివర్లో ఫిలాక్సెరా అనే పురుగు వేర్లకి పట్టి తోటలు దాదాపు అన్నీ ఎండిపోయాయి. చాలామంది ఊళ్ళొదిలి వెళ్ళిపోయారు.

సుధ: అయ్యో! మరి మళ్ళీ ఎలా లేచింది?

వాసు: 1980ల చివర్లో రెనే బార్బియె, ఆల్వారో పలాసియోస్ లాంటి కొందరు వైన్ తయారీదారులు అక్కడి గ్రటల్యోప్స్ ఊళ్ళో చేరారు. 1989 పంటతో వాళ్ళు చేసిన వైన్లు బయటి దేశాల్లో పేరు తెచ్చాయి. ఇప్పుడు స్పెయిన్‌లో అత్యున్నత వైన్ హోదా రియోహాకి, ప్రియొరాట్‌కి మాత్రమే ఉంది. అందరూ బార్బియె, పలాసియోస్ పేర్లే చెప్తారు. నాకైతే అంతకుముందు అక్కడే ఉండిపోయిన రైతుల మీదే గౌరవం ఎక్కువ. సహకార సంఘాలకి ద్రాక్ష అమ్ముకుంటూ పురుగు పట్టిన తర్వాత మళ్ళీ నాటిన ముసలి కారిన్యేనా తీగల్ని పీకకుండా కాపాడారు. అవే లేకపోతే వచ్చినవాళ్ళు దేంతో చేసేవాళ్ళు?

సుధ: కొనేటప్పుడు ఆ తీగలదో కాదో ఎలా తెలుస్తుంది?

వాసు: లేబుల్ మీద 'విన్యెస్ వెల్యెస్' అని ఉందేమో చూడు. 75 ఏళ్ళు పైబడిన తీగల ద్రాక్షకే ప్రియొరాట్‌లో ఆ మాట వాడనిస్తారు.