మిలియన్ డాలర్ల పిచ్చర్, మూడు రోజుల ఫైనల్ | 2025 విమెన్స్ కాలేజ్ వరల్డ్ సిరీస్ రివ్యూ

నమస్తే అండీ. ఈసారి రివ్యూ సినిమాకీ కాదు, ఐపీఎల్‌కీ కాదు. అమెరికాలో కాలేజీ అమ్మాయిలు ఆడే సాఫ్ట్‌బాల్ జాతీయ టోర్నీ, విమెన్స్ కాలేజ్ వరల్డ్ సిరీస్. అందులోనూ 2025 ఫైనల్: టెక్సస్, టెక్సస్ టెక్ అనే రెండు యూనివర్సిటీల మధ్య. ఫలితం ముందే చెప్పేస్తున్నా, తర్వాత తిట్టుకోవద్దు. టెక్సస్ 2-1తో సిరీస్ గెలిచింది, వాళ్లకి అది మొట్టమొదటి టైటిల్. ఫలితం తెలిసి చూసినా మజా ఏమీ తగ్గదు. నన్నడిగితే తెలిశాక చూస్తేనే ఇంకా బాగుంటుంది. భారమంతా ఒక్క పిచ్చర్ (మన బౌలర్ లాంటి ప్లేయర్) మీద పెట్టి ఒక టీమ్ ఎంతదాకా రాగలదు, ఎక్కడ ఆగిపోతుంది అనేది ఈ మూడు రోజుల్లో చాలా స్పష్టంగా కనిపిస్తుంది.

ఈ ఆట కొత్తవాళ్లకి ఒక్క లెక్క చెప్తా. పిచ్చర్ నిలబడే చోటు నుంచి బ్యాటర్ దగ్గరున్న హోమ్ ప్లేట్‌కి 43 అడుగులు. మన క్రికెట్‌లో వికెట్ నుంచి వికెట్‌కి 66. ఇదే 2025లో టెనెసీ పిచ్చర్ కార్లిన్ పికెన్స్ గంటకు 79.4 మైళ్ల వేగంతో ఒక బంతి వేసింది, కాలేజీ సాఫ్ట్‌బాల్‌లో అప్పటికి రికార్డు అది. కిలోమీటర్లలో దాదాపు 128. క్రికెట్‌లో 128 అంటే మీడియం పేస్ అని తీసిపారేస్తాం. అదే 128 ఇంత దగ్గర నుంచి, నేలను తాకకుండా నేరుగా మీదికొస్తే బ్యాటర్ చేతిలో ఉండే టైమ్ సెకనులో మూడో వంతు. పైగా చెయ్యి చక్రంలా తిప్పి తుంటి దగ్గర వదులుతారు కాబట్టి బంతి కింది నుంచి పైకొస్తుంది. రైజ్‌బాల్ అయితే మరీ దారుణం. నడుం ఎత్తులో వస్తోందని బ్యాట్ తిప్పేలోపు ఛాతీ దాటి క్యాచర్ గ్లోవ్‌లో ఉంటుంది.

ఫార్మాట్ గబగబా చెప్పేస్తా. 64 టీమ్‌లు, రీజనల్స్ అనే తొలి రౌండ్, ఆ తర్వాత సూపర్ రీజనల్స్. మిగిలిన ఎనిమిది టీమ్‌లు ఓక్లహోమా సిటీలోని డెవన్ పార్క్‌కి వస్తాయి. అక్కడ రెండు ఓడితే ఇంటికే. చివరి రెండు టీమ్‌ల మధ్య మూడు మ్యాచ్‌ల ఫైనల్. మ్యాచ్‌కి ఏడు ఇన్నింగ్స్, ఒక్కో దాంట్లో రెండు టీమ్‌లూ ఒకసారి బ్యాటింగ్ చేస్తాయి, మూడు బేస్‌లు చుట్టి హోమ్ ప్లేట్‌కి తిరిగొస్తే ఒక పరుగు. టీ20 కంటే తొందరగానే అయిపోతుంది.

2021 నుంచి 2024 దాకా వరసగా నాలుగేళ్లు ఈ కప్పు ఓక్లహోమాదే. వాళ్ల క్యాంపస్ పక్కనే నార్మన్‌లో ఉంది, కాబట్టి డెవన్ పార్క్ వాళ్లకి దాదాపు సొంత గ్రౌండ్. 2022లోనూ 2024లోనూ ఫైనల్లో వాళ్ల చేతిలో ఓడింది ఎవరనుకున్నారు? ఈ టెక్సస్సే. ఇక టెక్సస్ టెక్ అయితే ఈ ఎనిమిదిలోకి రావడమే మొదటిసారి. కోచ్ జెర్రీ గ్లాస్కోకి అక్కడ అది మొదటి సీజన్. అలాంటి టీమ్ ఒక్కసారిగా ఫైనల్‌కి ఎలా వచ్చింది అంటే అందరూ చెప్పే పేరు ఒకటే, నిజారీ కెనడి.

కెనడి అంతకుముందు స్టాన్‌ఫర్డ్ పిచ్చర్. 2024లో దేశంలోనే ఉత్తమ కాలేజీ క్రీడాకారిణిగా అవార్డు తీసుకుని టెక్సస్ టెక్‌కి మారింది. ఒప్పందం 10,50,024 డాలర్లు. పది లక్షలు ఒప్పందానికి, యాభై వేలు ఖర్చులకి, చివర్లో ఆ 24 ఆమె జెర్సీ నంబర్. ఈ అంకె చుట్టూనే టోర్నీ అంతా టీవీ కబుర్లు నడిచాయి. నాకు చిరాకేసింది కూడా. ఒక అమ్మాయి బంతి వేస్తుంటే కింద ధర ట్యాగ్ పెట్టినట్టు ప్రతి మ్యాచ్‌లో అదే మాట. అబ్బాయిల కాలేజీ ఫుట్‌బాల్‌లో ఇంతకంటే పెద్ద మొత్తాలు తిరుగుతాయి, అక్కడ ప్రతి పాస్‌కీ డబ్బు గుర్తుచేయరు కదా.

ఆట విషయానికొస్తే, కెనడి ఒంటిచేత్తో లాక్కొచ్చింది అన్నది ఇక్కడ పొగడ్త కాదు, స్కోర్‌కార్డ్. ఓలే మిస్ (మిసిసిపీ యూనివర్సిటీ) మీద 1-0, యూసీఎల్ఏ మీద 3-1, సెమీస్‌లో ఓక్లహోమా మీద 3-2. మూడు మ్యాచ్‌ల్లోనూ ప్రతి బంతీ తనే వేసింది. ఆ సెమీస్ తప్పకుండా చూడండి. టెక్సస్ టెక్ 2-0తో ముందుంది, ఏడో ఇన్నింగ్స్‌లో ఓక్లహోమా అమ్మాయి రెండు పరుగుల హోమ్ రన్ (మన సిక్సర్ లాంటి షాట్) కొట్టి సమం చేసింది. స్టేడియం ఊగిపోయింది. ఇంక ఎప్పటిలాగే వీళ్లదే అనుకునే టైమ్‌కి టెక్సస్ టెక్ ఒక సాక్రిఫైస్ ఫ్లైతో, అంటే బ్యాటర్ క్యాచ్ ఔటైనా రన్నర్‌కి పరుగు తెచ్చే షాట్‌తో, మ్యాచ్ లాగేసుకుంది. నాలుగేళ్ల రాజ్యం అక్కడితో అయిపోయింది.

ఇక ఫైనల్ మొదటి మ్యాచ్. సిరీస్ మొత్తానికి నేను ఎక్కువసార్లు వెనక్కి తిప్పి చూసిన బంతి ఇందులోనే ఉంది. ఆరో ఇన్నింగ్స్, టెక్సస్ టెక్ 1-0 ఆధిక్యం. టెక్సస్ రన్నర్లు రెండో బేస్‌లో, మూడో బేస్‌లో ఉన్నారు. మొదటి బేస్ ఖాళీ. బ్యాటింగ్‌కి వచ్చింది రీస్ ఆట్‌వుడ్, గట్టి హిట్టర్. ఈమెతో ఎందుకు గొడవ అని బెంచ్ నుంచి ఇంటెన్షనల్ వాక్ ఆర్డర్ వచ్చింది. అంటే నాలుగు బంతులు కావాలనే దూరంగా వేసి, బ్యాటర్‌ని ఊరికే మొదటి బేస్‌కి పంపేయడం. మూడు బంతులు అయిపోయాయి. నాలుగోది వెళ్లాల్సినంత దూరం వెళ్లలేదు. ఆట్‌వుడ్ ఒక్కసారిగా చెయ్యి చాపి బ్యాట్ వేసేసింది. బంతి లెఫ్ట్ ఫీల్డ్‌లో పడింది, ఇద్దరు రన్నర్లూ హోమ్ ప్లేట్‌కి వచ్చేశారు. 2-1. అదే ఫైనల్ స్కోర్.

దీన్ని చాలామంది కెనడి తప్పు అని తేల్చేశారు. నేను ఒప్పుకోను. టోర్నీ అంతా స్ట్రైక్ జోన్ (సరైన బంతిగా లెక్కలోకొచ్చే పరిధి) అంచుల మీద బంతి వేసి వేసి అలవాటైన చేతికి, బలం తగ్గించి బయటికి విసరమని చెప్పడం తేలిక పని కాదు. వాక్ చేయాలన్న నిర్ణయం కరెక్టే, బంతి ఇంకో అడుగు బయట పడాల్సింది. మెచ్చుకోవాల్సింది ఆట్‌వుడ్‌నే. ఆ పరిస్థితిలో తొంభై తొమ్మిది మంది బ్యాట్ భుజాన పెట్టుకుని నడక కోసం చూస్తారు. వైడ్ పోయే బంతిని వెంటపడి ఫోర్ కొట్టే బ్యాటర్ ఎలా ఉంటాడో, ఆవిడ కళ్లలో అదే ఆకలి కనిపిస్తుంది.

రెండో మ్యాచ్ టెక్సస్ టెక్ 4-3తో గెలిచింది. చివర్లో టెక్సస్ దగ్గరికొచ్చి ఆగిపోయింది. ఆటగా చూస్తే మామూలే, కానీ సిరీస్ నా లెక్కలో ఇక్కడే తేలిపోయింది. టెక్సస్ కోచ్ మైక్ వైట్ తన నంబర్ వన్ పిచ్చర్ టీగన్ కేవన్‌ని దింపకుండా వేరేవాళ్లతో నడిపాడు. ఓడినా సరే, మూడో రోజుకి ఆ చెయ్యి తాజాగా ఉండాలని. న్యూజిలాండ్‌లో పుట్టిన వైట్ ఒకప్పుడు స్వయంగా పేరున్న ఫాస్ట్‌పిచ్ పిచ్చర్, అలుపు ఎప్పుడొస్తుందో ఆయనకి తెలుసు. అవతల కెనడి రెండు రోజుల్లో 13 ఇన్నింగ్స్, మొత్తం తనే. కింది నుంచి వేసే బంతి కదా, చెయ్యి నొప్పెట్టదు, రోజూ వేయొచ్చు అని ఈ ఆటలో ఒక పాత నమ్మకం. చెయ్యి సంగతి పక్కన పెట్టండి, అదే పిచ్చర్‌ని మూడో రోజు కూడా ఎదుర్కొనే బ్యాటర్ల కళ్లకి ఆ రైజ్‌బాల్ అలవాటైపోదా?

అయింది. మూడో మ్యాచ్ మొదటి ఇన్నింగ్స్‌లోనే టెక్సస్ ఐదు పరుగులు కొట్టింది, అందులో లీఆన్ గూడ్ మూడు పరుగుల హోమ్ రన్. రైజ్‌బాల్‌కి ఎవరూ తొందరపడలేదు, వదిలేశారు, తక్కువ ఎత్తులో వచ్చినవి ఉతికేశారు. ఒక్క ఇన్నింగ్స్‌తో కెనడి బయటికెళ్లిపోయింది. నాలుగో ఇన్నింగ్స్‌లో మియా స్కాట్ గ్రాండ్ స్లామ్, బేస్‌లన్నీ నిండి ఉండగా హోమ్ రన్ అన్నమాట, 10-0. తర్వాత తెలిసిందేంటంటే ఆవిడ మోకాలిలో ఏసీఎల్ అనే లిగమెంట్ చిరిగిపోయి ఉంది, ఆ కాలితోనే ఆడింది. చివరికి 10-4. కేవన్ టోర్నీ మొత్తంలో ఒక్క ఎర్న్‌డ్ రన్ (ఫీల్డర్ల తప్పుల వల్ల కాకుండా పిచ్చర్ ఖాతాలో పడే పరుగు) కూడా ఇవ్వలేదు, ఉత్తమ క్రీడాకారిణి అవార్డు ఆమెకే. మూడో మ్యాచ్ ఏకపక్షం, ఫైనల్ అని టెన్షన్ ఆశిస్తే నిరాశే. మొదటి ఇన్నింగ్స్ మాత్రం చూడండి.

ఒక కంప్లైంట్ ఉంది. వీడియో రివ్యూలు. డీఆర్ఎస్ చూసి చూసి అలవాటైన మనకే విసుగొస్తుంది. చకచకా నడిచే ఆట హఠాత్తుగా ఆగిపోతుంది, స్క్రీన్ మీద అదే కాలు, అదే బేస్, పదిసార్లు.

డాలస్, ఫ్రిస్కో, ఇర్వింగ్ వైపు ఉండే మనవాళ్లకి ఓక్లహోమా సిటీ కారులో మూడు గంటల దారి. స్కూల్లో సాఫ్ట్‌బాల్ ఆడే అమ్మాయి ఇంట్లో ఉంటే ఒక వీకెండ్ తీసుకెళ్లొచ్చు, మే చివర నుంచి జూన్ మొదటి వారం దాకా ఉంటుంది. ఎండ మాత్రం మన దగ్గరలాగే మాడుస్తుంది, టోపీ, నీళ్లు మర్చిపోకండి. 2028 ఒలింపిక్స్ లాస్ ఏంజిలస్‌లో అయినా సాఫ్ట్‌బాల్ మ్యాచ్‌లు ఇదే డెవన్ పార్క్‌లో పెడుతున్నారు. అదే ఒలింపిక్స్‌లో క్రికెట్ కూడా తిరిగొస్తోంది.

నా రేటింగ్ ఐదుకి నాలుగు. రెండో రోజు కెనడికి రెండు ఇన్నింగ్స్ విశ్రాంతి ఇచ్చి ఉంటే మూడో మ్యాచ్ వేరేగా ఉండేదా? ఉండేదనే నేనంటాను. కానీ రెండో మ్యాచ్ ఓడితే మూడోది అసలు ఉండదు కదా అని గ్లాస్కో వైపు వాదించేవాళ్లుంటారు, అదీ గట్టి మాటే. ముందు సెమీస్, తర్వాత మొదటి మ్యాచ్ ఆరో ఇన్నింగ్స్ చూసొచ్చి మీరు ఎటువైపో చెప్పండి.