అమ్మకు దొరకని ఆ గంటన్నర

[దృశ్యం: తెల్లవారుజాము, బీచ్ రోడ్డు. వాహనాలు లేవు, నడిచేవాళ్ళే ఉన్నారు.]

నమస్కారం. తెల్లవారుజామున మన బీచ్ రోడ్డు మీదకు వాహనాలను రానివ్వరని విశాఖ వాళ్ళకు తెలిసిన సంగతే. ఆ వేళ నడవడానికి వచ్చేవాళ్ళను ఒకసారి గమనించండి. ఉద్యోగ విరమణ చేసిన పెద్దలు, కాలేజీ కుర్రాళ్ళు, డాక్టరు నడవమన్నాడని వచ్చిన పెద్దావిడలు కనిపిస్తారు. మూడేళ్ళ బిడ్డ ఉన్న తల్లి మాత్రం అరుదుగా కనిపిస్తుంది. ఇల్లు పెదవాల్తేరులోనే ఉన్నా, సముద్రపు హోరు వినిపించేంత దగ్గరలో ఉన్నా, ఆ సమయానికి ఆమె పొయ్యి ముందే ఉంటుంది.

ఈ వీడియో ఆమె కోసం. ఆమెతోపాటు ఆ ఇంట్లో ఉన్నవాళ్ళందరి కోసం కూడా. పిల్లలను పెంచుతూనే తల్లి తన ఆరోగ్యాన్ని, చదువుకున్న చదువును, పెళ్ళికి ముందు నుంచి ఉన్న ఇష్టాలను ఎలా నిలుపుకోవాలి? నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. "నీ కోసం కాస్త సమయం తీసుకో" అని తల్లికి చెప్పినందువల్ల ఏమీ మారదు. ఇంట్లో కొన్ని పనులు పూర్తిగా చేతులు మారాలి. వాటిని గుర్తుపెట్టుకునే భారం కూడా పనితోపాటే మారాలి. అది మారకపోతే, దొరికిన ఖాళీ గంటలోనూ ఆమె మనసు ఇంటి చుట్టూనే తిరుగుతుంది.

[తెరపై అంకెలు: 289 నిమిషాలు, 88 నిమిషాలు]

జాతీయ గణాంక కార్యాలయం 2024లో సమయ వినియోగ సర్వే చేసింది. జీతం లేని ఇంటిపని చేసేవాళ్ళలో ఆడవాళ్ళు రోజుకు సగటున 289 నిమిషాలు, మగవాళ్ళు 88 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నారని తేలింది. పిల్లల, పెద్దల సంరక్షణ ఇందులో లేదు, దాన్ని వేరే పద్దు కింద లెక్కించారు. తెల్లవారి నాలుగు నుంచి మర్నాడు నాలుగు వరకు, అరగంట చొప్పున ఎవరు ఏం చేశారో అడిగి రాసుకోవడం ఈ సర్వే పద్ధతి. వంట, గిన్నెలు, బట్టలు ఆ అరగంటల్లో ఇముడుతాయి. కానీ కూర తరుగుతూనే "రేపు స్కూలుకు చార్టు కావాలన్నాడు, షాపు మూసేస్తారేమో" అనుకోవడాన్ని ఏ అరగంటలో రాస్తారు?

[దృశ్యం: బల్ల మీద టీకా కార్డు, దగ్గరగా.]

ఒకే ఒక్క పనిని తీసుకుని చూద్దాం. బిడ్డకు ఆరు, పది, పద్నాలుగు వారాలకు వరుసగా టీకాలు పడతాయి. ఆ రోజు నాన్న సెలవు పెడతాడు, బండి తీస్తాడు, వరుసలో నిలబడతాడు, బిడ్డ ఏడిస్తే భుజాన వేసుకుని సముదాయిస్తాడు. మంచి తండ్రి. ఇంటికి వచ్చి "టీకా వేయించాను" అంటాడు. అబద్ధం కాదు.

అయితే ఆ రోజుకు ముందూ వెనుకా ఏం జరిగిందో చూడండి. తేదీ గుర్తుంచుకున్నది ఎవరు? కార్డు బీరువాలో ఏ చీర మడత కింద ఉందో ఎవరికి తెలుసు? సూది తొడకు వేస్తారు కాబట్టి వదులు లాగు తొడిగింది ఎవరు? ముందు రాత్రి బిడ్డ ఒళ్ళు వెచ్చగా ఉందేమోనని చేయి వేసి చూసింది ఎవరు? బిడ్డ బరువును బట్టి జ్వరం మందు ఎన్ని చుక్కలు వేయాలో నర్సును అడిగి, రాత్రి రెండింటికి లేచి వేసింది ఎవరు? పొద్దున్నే "తగ్గింది అత్తయ్యా" అని ఫోనులో చెప్పి, తర్వాతి తేదీ చుట్టూ క్యాలెండరులో సున్నా చుట్టింది ఎవరు? నాన్న ఒక పూట పని చేశాడు. అమ్మ నెల పొడవునా ఆ పనిని మోసింది.

పనిని అప్పగించడం అంటే కార్డుతో సహా అప్పగించడం. టీకాల బాధ్యత నాన్నది అనుకుంటే కార్డు ఆయన దగ్గరే ఉండాలి, తేదీ ఆయన ఫోనులో మోగాలి, నర్సును ఆయనే అడగాలి, ఆ రాత్రి ఆయనే లేవాలి. అమ్మ చేయవలసింది ఒక్కటే: మళ్ళీ మళ్ళీ అడగకుండా ఉండడం. అన్నిటికంటే కష్టమైనది ఇదేనని నాకు తెలుసు. ఆయన మరిచిపోతే ఏమవుతుందన్న భయం ఉంటుంది. టీకా రెండు రోజులు ఆలస్యమైనంత మాత్రాన మొదటి నుంచి మళ్ళీ వేయరు, మిగిలినవి కొనసాగిస్తారు. మొదటిసారి తడబడతాడు, రెండోసారికి అలవాటవుతుంది. మొదటి బిడ్డ పుట్టినప్పుడు అమ్మ నేర్చుకున్నదీ అలాగే.

టీకాలు ఒకటి. స్కూలు వాట్సాప్ గ్రూపు మరొకటి. అందులో వచ్చే ప్రతి సందేశాన్నీ చదివి, రంగు దుస్తుల రోజుకు చొక్కా వెతికి, ఫీజు తేదీ గుర్తుపెట్టుకునే పని మొత్తం ఒకరిదే కావాలి. ఆ ఒకరు అమ్మే అయి ఉండాలన్న నియమం ఎక్కడా లేదు.

[దృశ్యం: కిటికీ పక్కన కూర్చున్న తల్లి, చేతిలో మాత్రల అట్ట.]

ఇక శరీరం సంగతి. ప్రసవం తర్వాత చాలామంది తల్లులు "నాకు మతిమరుపు వచ్చింది, నేను మునుపటి మనిషిని కాను" అని కుంగిపోతారు. స్పెయిన్, నెదర్లాండ్స్ పరిశోధకులు గర్భానికి ముందూ తర్వాతా స్త్రీల మెదడును స్కాన్ చేసి, 2016లో ఫలితాలు ప్రచురించారు. ఎదుటివారి మనసును గ్రహించడానికి తోడ్పడే భాగాల్లో మార్పు కనిపించింది, కనీసం రెండేళ్ళు నిలిచింది. జ్ఞాపకశక్తి పరీక్షల్లో మాత్రం తగ్గుదల కనిపించలేదు. కాబట్టి "నా బుర్ర పాడైంది" అనుకోకండి. ముందు నిద్ర సంగతి చూడండి. జర్మనీలో వేలమంది తల్లిదండ్రులను ఏళ్ళ తరబడి పరిశీలించిన ఒక అధ్యయనం 2019లో వెలువడింది. మొదటి బిడ్డ పుట్టాక నిద్ర విషయంలో తృప్తి ఆరేళ్ళయినా పాత స్థాయికి పూర్తిగా చేరలేదని అందులో తేలింది. బాలింతగా ఉన్న నలభై రోజులు జాగ్రత్తగా చూసుకుని, ఆ తర్వాత అంతా మామూలే అనుకునే ఇళ్ళు ఈ సంగతి తెలుసుకోవాలి.

రక్తం మాట కూడా చెప్పాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. ప్రసవం తర్వాత కూడా 180 రోజులు ఐరన్ మాత్రలు వేసుకోవాలని ప్రభుత్వ కార్యక్రమమే చెబుతుంది. కాన్పు అయిపోయింది కదా అని ఆపేయకండి. టీతో, కాఫీతో కలిపి వేసుకోకండి, నిమ్మరసంతో అయితే ఒంటికి బాగా పడుతుంది. మెట్లెక్కితే ఆయాసం వస్తుంటే "పిల్లలున్నారు కదా, అలసట మామూలే" అని సరిపెట్టుకోకుండా హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోండి.

[దృశ్యం: అన్నప్రాశన పళ్ళెం. పక్కనే ఆఫీసు బ్యాగు.]

ఉద్యోగం చేసే తల్లుల విషయంలో నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఆరో నెల. మన ఇళ్ళల్లో మొదటి పురుడు పుట్టింట్లో. మూడో నెలలోనో ఐదో నెలలోనో బిడ్డను తీసుకుని అత్తవారింటికి వస్తారు. ప్రసూతి ప్రయోజన చట్టం స్థానంలో 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా చట్టం ప్రకారం మొదటి రెండు కాన్పులకు 26 వారాల జీతంతో కూడిన సెలవు ఉంది. కాన్పుకు ముందే ఎనిమిది వారాలు వాడుకుంటే తర్వాత మిగిలేది 18 వారాలే, అంటే నాలుగు నెలల చిల్లర. మొత్తం కాన్పు తర్వాతే వాడుకున్నా ఆరు నెలలే. పుట్టింటి చేతులు దూరమయ్యేది అప్పుడే, సెలవు ముగిసేది అప్పుడే, తల్లిపాలతోపాటు మెత్తని అన్నం పెట్టడం మొదలయ్యేదీ దాదాపు అప్పుడే. మూడూ ఒకేసారి వచ్చి మీద పడతాయి. మధురవాడలో ఒక ఫ్లాటు, రుషికొండ కొండ మీద ఆఫీసు, ఆరు నెలల బిడ్డ. ఆ నెలలో ఉద్యోగం మానేసినవాళ్ళను చూసి "తనకు ఇష్టం లేదు" అని తేల్చేయడం అన్యాయం.

అదే చట్టంలోని మరికొన్ని సంగతులు చాలామందికి తెలియవు. 50 మంది, అంతకంటే ఎక్కువమంది పనిచేసే సంస్థ శిశు సంరక్షణ కేంద్రం సదుపాయం కల్పించాలి. తల్లి రోజుకు నాలుగు సార్లు అక్కడికి వెళ్ళి బిడ్డను చూసి రావచ్చు. బిడ్డకు 15 నెలలు నిండేవరకు పాలివ్వడానికి రోజుకు రెండు విరామాలు అదనంగా ఇవ్వాలి. పని స్వభావాన్ని బట్టి, సెలవు ముగిశాక ఇంటి నుంచి పనిచేసే ఏర్పాటు గురించి సంస్థతో మాట్లాడుకోవచ్చు. ఇవన్నీ మొహమాటపడుతూ అడగవలసినవి కావు. మౌఖికంగా వద్దు, లేఖ రాసి అడగండి. మన ఊళ్ళో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు ఎక్కువ కాబట్టి ఇంకొక మాట: కేంద్ర ప్రభుత్వ మహిళా ఉద్యోగులకు సర్వీసు మొత్తంలో 730 రోజుల శిశు సంరక్షణ సెలవు ఉంది. మొదటి 365 రోజులకు పూర్తి జీతం, తర్వాతి 365 రోజులకు 80 శాతం. పరీక్షల కాలం కోసం దాచుకునేవాళ్ళే ఎక్కువ. ఆరో నెలలో కొంత వాడుకోవడమే మంచిదని నా అభిప్రాయం.

[తెరపై పెద్ద అక్షరాల్లో: 14416]

ఇక్కడ కాస్త ఆగి వినండి. ప్రసవమైన మూడు నాలుగు రోజులకు ఊరికే ఏడుపు రావడం, చిరాకు, భయం చాలామందికి ఉంటాయి. రెండు వారాల లోపు అవి తగ్గిపోతాయి. రెండు వారాలు దాటినా తగ్గకపోతే, బిడ్డ పడుకున్నా నిద్ర పట్టకపోతే, బిడ్డను చూసినా ఏమీ అనిపించకపోతే, బతకాలని లేదనిపిస్తే, అది ప్రసవానంతర కుంగుబాటు కావచ్చు. దానికి చికిత్స ఉంది. 1987 నుంచి వైద్యులు వాడుతున్న పది ప్రశ్నల ఎడిన్‌బరో పరీక్ష ఉంది, కొద్ది నిమిషాల్లో పూర్తవుతుంది. కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ సేవ నంబరు 14416. ఏ వేళనైనా ఉచితంగా, తెలుగులో మాట్లాడవచ్చు. కేజీహెచ్‌లో, అంటే కింగ్ జార్జ్ ఆసుపత్రిలో, మానసిక వైద్య విభాగం ఉంది, చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక చికిత్సాలయం ఉంది. ఆ గడప తొక్కితే నలుగురూ ఏమనుకుంటారో అని వెనకాడే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. భర్తలకూ అత్తగార్లకూ నా విన్నపం: "మా కాలంలో ఇవన్నీ లేవు" అనకండి. ఆ కాలంలోనూ ఉన్నాయి, ఎవరూ అడగలేదు. బతకాలని లేదన్న మాట వింటే ఆమెను ఒంటరిగా వదలకండి, అదే రోజు ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

[దృశ్యం: ద్వారకానగర్ గ్రంథాలయం, చదువుకునే బల్లలు.]

ఇప్పుడు తల్లి తన కోసం ఉంచుకోవలసిన ఆ గంటన్నర దగ్గరకు వద్దాం. వారంలో ఒక రోజు, ఒకే వేళ, ఇంటి బయట. మంగళవారం సాయంత్రం ఐదున్నర నుంచి ఏడు వరకు అనుకోండి. ఇంటి బయట అని ఎందుకు నొక్కి చెబుతున్నానంటే, లోపలి గదిలో తలుపు వేసుకున్న తల్లిని పిల్లవాడు తలుపు కొట్టి పిలుస్తాడు, పెద్దవాళ్ళు ఉప్పు డబ్బా ఎక్కడని అడుగుతారు. వారం వారం అదే వేళ ఎందుకంటే, రోజూ అనుమతి అడిగి వెళ్ళవలసిన మనిషి రెండు వారాలకే మానేస్తుంది. స్కూలు వ్యాను వేళను ఇల్లంతా ఎలా గౌరవిస్తుందో, దీన్నీ అలాగే గౌరవించాలి.

ఎక్కడికి వెళ్ళాలి? ఆగిపోయిన సంగీతం పాఠానికి, బ్యాంకు పరీక్షకు చదువుకోవడానికి ద్వారకానగర్ గ్రంథాలయానికి, లేదా ఊరికే ఇసుకలో కూర్చోవడానికి. ఉపయోగపడే పనే చేయాలన్న నియమం పెట్టుకోవద్దు. డబ్బు అడ్డమైతే, 2025 ఆగస్టు 15 నుంచి మన ఆర్టీసీ సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు ప్రయాణం ఉచితం. గుర్తింపు కార్డు చూపించి సున్నా టికెట్టు తీసుకుంటే చాలు. 900-K నంబరు బస్సు ఎక్కితే సముద్రం పక్కనుంచి భీమిలి దాకా వెళ్ళవచ్చు.

ఇంట్లో ఎలా చెప్పాలి? సంజాయిషీలా కాకుండా, సమాచారంలా చెప్పండి. "అత్తయ్యా, వచ్చే మంగళవారం నుంచి సాయంత్రం పాఠానికి వెళుతున్నాను. ఏడింటికి వచ్చేస్తాను. బాబు పాలు, టిఫిను ఆయన చూసుకుంటారు." చివరి వాక్యం ముఖ్యం. అది లేకపోతే ఆ భారం అత్తగారి మీద పడుతుంది. ఒకప్పుడు ఆవిడా ఇలాంటి సాయంత్రం దొరకని తల్లే కదా. పిల్లవాడు మొదటి వారం ఏడుస్తాడు. బ్రిటిష్ పిల్లల వైద్యుడు డోనల్డ్ వినికాట్ 1953లోనే ఈ సంగతి రాశారు: మొదట్లో బిడ్డకు పూర్తిగా అనువుగా మెలిగిన తల్లి, బిడ్డ తట్టుకోగలిగిన కొద్దీ మెల్లగా ఆ అందుబాటును తగ్గించడమే బిడ్డ ఎదుగుదలకు దారి. గంటన్నర నాన్న దగ్గర ఉన్నందువల్ల బిడ్డకు లోటేమీ రాదు, నాన్న దగ్గరవుతాడు.

[దృశ్యం: ఉక్కునగరం క్వార్టర్లు. దూరంగా డాల్ఫిన్స్ నోస్, ఓడ.]

"ఆయన ఇంట్లో ఉంటే కదా" అనే తల్లులు మన ఊళ్ళో ఎంతోమంది. ఉక్కు కర్మాగారంలో షిఫ్టులు, నౌకాదళంలో నెలల తరబడి సముద్రం, వ్యాపార నౌకల మీద ఉద్యోగాలు. ఇంట్లో పెద్దవాళ్ళూ లేరు. వీళ్ళకు భర్తతో పంచుకోమని చెప్పడం అర్థం లేని మాట. గాజువాకలోనూ నేవీ క్వార్టర్లలోనూ కొందరు తల్లులు చేసుకుంటున్న ఏర్పాటు నాకు నచ్చింది. ఇద్దరు తల్లులు, ఇద్దరి పిల్లలు. మంగళవారం ఇద్దరు పిల్లలూ ఈ ఇంట్లో, శుక్రవారం ఆ ఇంట్లో. డబ్బు మాట లేదు.

ఇది నిలవాలంటే మొదటి రోజే కొన్ని సంగతులు మాట్లాడుకోవాలి. పిల్లవాడు ఏం తినకూడదో కాగితం మీద రాసి ఇవ్వాలి. డాక్టరు నంబరు ఇవ్వాలి. గేటు దాటి ఎవరితో పంపవచ్చో, ఎవరితో పంపకూడదో పేర్లతో చెప్పాలి. ఫోను చూపించవచ్చా లేదా తేల్చుకోవాలి, ఎక్కువ మనస్పర్థలు వచ్చేది అక్కడే. ఏడింటికి అంటే ఏడింటికే రావాలి, ఆలస్యమయ్యేలా ఉంటే ముందే ఫోను చేయాలి. పిల్లవాడికి జ్వరం ఉన్న రోజు పంపకూడదు, ఆ వారం పోయిన గంటన్నరను వచ్చే వారం తప్పకుండా తిరిగి ఇవ్వాలి.